పిట్ట పేరు పెట్టుకొన్న మర

గత సంవత్సరము వేసవి సెలవులకు ముందు తొమ్మిదవ తరగతి బాలుడొకడు ఇంగ్లీషు నిఘంటువును చేతబట్టుకొని నాయొద్దకు వచ్చెను. పాఠములో లేని మాటలను ఏరుకొనుటయందు అతనికి మిక్కిలి వేడుక. 'థ్రాసిల్' అను మాటకు ఆ నిఘంటువునందు రెండర్థములు వ్రాయబడియున్నవి. ఒకటి, మధురముగా పాడు ఒకానొక పక్షి. రెండవది, నూలు వడకు యంత్రము. "మాస్టారూ, ఇది అచ్చుతప్పా?" అని అతడు నన్నడిగెను.

అచ్చుతప్పు కాదని చెప్పితిని గాని, పిట్టకును మరకును ఒకే పేరెట్లు వచ్చెనో ఆ పూట సరిగా చెప్పలేకపోతిని. తరువాత చదివి తెలిసికొన్నదానిని, దానివలన నాకు కలిగిన యభిప్రాయమును ఈ సంచికయందు వ్రాయుచున్నాను. మన పాఠశాల మాదాపురములోని హైటెక్ సిటీకి కూతవేటు దూరమున నున్నది. మన విద్యార్థుల తల్లిదండ్రులలో పెక్కండ్రు ఆ మేడలలో యంత్రముల నడుమ పని చేయువారు. కావున యంత్రములకు పేర్లెట్లు వచ్చునను విచారము మనకు పరాయిది కాదు.

మొదట పిట్టను చూతము. ఇది ఐరోపాఖండపు పక్షి. మన తెలుగుసీమలో కనబడదు. ప్రమాణమున ఇంచుమించు మన గోరువంక పాటిది. వీపు గోధుమవన్నె, ఱొమ్ము తెలుపు, ఆ తెలుపుమీద నల్లని చుక్కలు. నత్త దొరకినచో దానిని ముక్కున కఱచుకొని పోయి, ఒక రాతిమీద మోది, గుల్ల పగులగొట్టి తినును. ఆ రాతిని ఇంగ్లీషువారు పిట్టగారి దాగలి యని చెప్పుకొందురు. దాని పాటలో నొక విశేషమున్నది. ఒక పలుకు పలికి అంతటితో విడువదు. దానినే రెండు మూడు మాఱులు వల్లించి గాని మఱియొక పలుకునకు పోదు. ఎక్కములు వల్లించు మన మూడవ తరగతిని తలచుకొన్నచో ఈ సంగతి బోధపడును. ఈ పేరు మిక్కిలి ప్రాచీనమైనది. జర్మనుభాషలో 'డ్రాసెల్' అని దీనికి తోబుట్టువైన మాట యున్నది. పదునాల్గవ శతాబ్దపు చాసరు కవి ఈ పక్షిని పేర్కొనెను. షేక్స్పియరు తన 'మిడ్ సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకమున ఒక నేతగానిచేత ఈ పక్షి పేరుగల పాట పాడించెను. ఆ పాట పాడినవాడు నేతగాడగుట కేవలము కాకతాళీయమే యైనను, నాకెంతో ముచ్చట గొలిపినది. టెనిసను కవి 1889లో ఈ పేరుతోనే ఒక పద్యమును ప్రకటించెను. నేడు సామాన్యజనులు ఈ పక్షిని 'సాంగ్ థ్రష్' అనుచున్నారు. పాతమాట ఉత్తరపు జిల్లాల పలుకుబడిలోను, కవిత్వములోను, వెస్ట్ బ్రామ్విచ్ అను ఊరి ఫుట్‌బాలు జట్టునకు ముద్దుపేరుగాను మిగిలియున్నది. దానిని వ్రాయునపుడు నడుమ టకారముండును, పలుకునపుడుండదు. మన బాలురు పరీక్షలలో ఈ విషయము గుర్తుంచుకొందురుగాక.

ఇక మర సంగతి. దీనిని తెలిసికొనుటకు ముందు మన రాట్నమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. రాట్నముమీద వడకు స్త్రీ ఒకచేత చక్రము త్రిప్పుచు, రెండవచేత ఏకును పట్టి వెనుకకు లాగును. పోగు సాగును; కదురు తిరుగుటచే పురి యెక్కును. పోగు బారెడైన పిమ్మట చేయి పైకెత్తి, దానిని కదురుమీదికి చుట్టును. లాగుటయు పురిపెట్టుటయు ఒక పని, చుట్టుట మఱియొక పని. ఒకటి జరుగునప్పుడు రెండవది ఆగియుండవలెను. 1764 ప్రాంతమున హార్‌గ్రీవ్సు అను నేతగాడు కల్పించిన జెన్నీయంత్రము ఒకేసారి అనేకపు కదుళ్ళను త్రిప్పినదే కాని, ఈ ఆగుట మాత్రము దానియందును తప్పలేదు. (జెన్నీ యనునది అతని కూతురి పేరని కథలలో చెప్పుదురు. 'ఇంజను' అను మాటయే జనుల నోటబడి అట్లు మాఱియుండునని పండితులు చెప్పునది నాకు ఎక్కువ సమంజసముగా తోచుచున్నది.)

ఆగకుండ వడకు ఉపాయమునకు 1769లో రిచర్డు ఆర్క్‌రైటు పేటెంటు పొందెను. రెండేసి కడ్డీలను చెఱుకుగానుగవలె జతపఱచి, అట్టి జతలను ఒకదాని వెనుక నొకటి నిలిపిరి. ముందరి జత వెనుకటి జతకంటె వేగముగా తిరుగును. అందుచేత వెనుకనుండి దూఱిన పత్తిపాయ ముందునకు వచ్చునప్పటికి వ్రేళ్ళు తగులకుండగనే సాగి సన్నబడును. అచటినుండి పోగు కదురునకు దిగును. కదురుపై రెక్కలవంటి ఇనుపకొమ్మి యొకటి గిరగిర తిరుగుచు, పోగునకు పురిపెట్టుచు, అదే క్షణమున కండెమీదికి చుట్టుచుండును. మొదట ఈ యంత్రమును గుఱ్ఱములచేత త్రిప్పించిరి. 1771లో క్రామ్‌ఫర్డు అను గ్రామమున ఏటియొడ్డున మిల్లు కట్టిన తరువాత నీటి బలముచే నడచినది గనుక దానికి నీటిమర యని పేరు వచ్చినది. పదునెనిమిదవ శతాబ్దము ముగియు కాలమున ఆ నీటిమరనే సులువుచేసి, పలుపండ్లచక్రములకు బదులు ఒక పొడుగైన రేకుగొట్టమునుండి త్రాళ్ళు వేసి, వరుసలోని కదుళ్ళన్నిటిని ఒకేసారి త్రిప్పునట్లు చేసిరి. ఇదియే థ్రాసిల్. వందలకొలది కదుళ్ళు ఎడతెగక తిరుగునపుడు సన్నని స్వరమొకటి పుట్టెడిది. ఆ స్వరము విన్న లాంకషైరు జనులకు తమ తోటలోని పిట్ట జ్ఞప్తికి వచ్చినది. ఆ పిట్ట పేరే మరకు పెట్టిరి. జర్మనులు ఈ యంత్రమును తెప్పించుకొన్నపుడు ఇంగ్లీషు పేరు నట్లే యుంచక, తమ భాషలోని పిట్టపేరును దానికి పెట్టుకొన్నారు.

మర మంచిదే. దాని నూలు గట్టిది గనుక పడుగునకు పనికివచ్చినది. 1779లో క్రాంప్టను చేసిన 'మ్యూల్' అను యంత్రము మెత్తని నూలు వడకెను గనుక అది పేకకు అనుకూలించినది. ఆ కంచరగాడిద పేరు కూడ ఊరక వచ్చినది కాదు. జెన్నీలోని గుణమును నీటిమరలోని గుణమును కలిసి పుట్టిన సంకరమగుటచే దాని కాపేరు. అంతకు పూర్వము ఇంగ్లండున పత్తితో పడుగునకు చాలినంత గట్టిపోగు తీయలేక, అవిసెనారను పడుగుగా వేసి పత్తిని పేకగా నేయుచుండిరి. మన తెలుగుసీమలోనో, ఆనాటికే శతాబ్దముల తరబడి స్త్రీలు ఇంటి వసారాలలో కూర్చుండి పడుగునకును పేకకును పత్తినూలే వడకుచుండిరి. మచిలీపట్టణపు రేవునుండి ఆ బట్టలు సముద్రములు దాటిపోవుచుండెను. శ్రీకాకుళము జిల్లా పొందూరులో నేటికిని వాలుగచేప దవుడయెముకతో పత్తిని దువ్వి, ఒంటికదురు రాట్నముమీద నూఱవ నెంబరు నూలు వడకువారున్నారు. వారిని చూచినవారికి ఆ పాతకాలపు నేర్పెట్టిదో తెలియగలదు.

ఐనను లెక్క వేఱు. ఒక్క కదురునకును వంద కదుళ్ళకును పోటీ యేమి? పందొమ్మిదవ శతాబ్దమున మరనూలు ఓడలలో వచ్చి మన నేతవారి యిండ్లకు చేరెను. మొదట కొంచెము, చవుకగా, సన్ననిరకము మాత్రము. నేతగానికి అది మేలే. అతని భార్య రాట్నము అటకెక్కినపుడు గాని ఏమి వచ్చినదో తెలియలేదు. ఏకై వచ్చి మేకైనట్లని మనవారనుదురు. ఆ సామెతలోని ఏకు పత్తి ఏకే యని మన పట్టణపు బాలబాలికలలో నెందఱికి తెలియును? పిమ్మట 1854లో బొంబాయిలో తొలి నూలుమిల్లు సంఘము ఏర్పడెను. 1877లో హైదరాబాదులోనే నూలుమిల్లు వెలసెను. 1934లో వరంగల్లున ఆజంజాహి మిల్లునకు పునాది పడెను. అది మూతపడి ఇపుడు చాలకాలమైనది. దాని గుఱించి చెప్పునపుడు వరంగల్లు వృద్ధుల గొంతు మాఱుట నేనెఱుగుదును.

ఇంగ్లండులోని థ్రాసిల్ గతి యేమైనది? 1828లో అమెరికాలో థార్ప్ అనునతడు రెక్కలకొమ్మికి బదులు ఉంగరమును వాడు మరను కల్పించెను. అది ఇంకను వేగముగా తిరుగును. పందొమ్మిదవ శతాబ్దము ముగియులోపల ఉంగరపుమర పిట్టమరను చాలవఱకు తఱిమివేసినది. నేటి నూలుమిల్లులలో విరివిగా వాడబడు రింగుఫ్రేమునకు ఇదియే మూలము. మరతోపాటు మరకు పెట్టిన పేరును పోయినది. పిట్ట మాత్రము పాడుచునే యున్నది.

ఇంతవఱకు చరిత్ర. ఇక నా అభిప్రాయము.

ఈ పేరును పెట్టినది ఏ పండితసభయు కాదు. ఆ మర ప్రక్కన నిలుచుండి తెగిన పోగులను అతుకువారు పెట్టినది. ఒక మరకు పిట్ట పేరు పెట్టుటకు మూడు కావలెను. మరను దగ్గఱనుండి వినియుండవలెను. పిట్టను వినియుండవలెను. ఈ రెంటికిని నాలుకమీద నాడు ఇంటిమాట యొకటి యుండవలెను. మూటిలో నేది తక్కువైనను ఆ పేరు పుట్టదు.

మనకు ఈ శక్తి లేదందురా? ఉండెను. 1855లో మనదేశమున ప్రజలకొఱకు టెలిగ్రాఫు తెఱువబడినపుడు మనవారు దానిని 'తంతి' యనిరి. తంతి యనగా వీణమీది తీగె. సంస్కృతమున సాగదీయుటయను అర్థముగల ధాతువునుండి తంతువనగా దారమును, తంత్రమనగా మగ్గమును, తంత్రి యనగా వీణతీగెయు వచ్చినవి. వీణతీగె పేరును వార్తలు మోయు తీగెకు పెట్టినవాడెవడో మనకు తెలియదు గాని, అతడు లాంకషైరు కూలివానికి తోబుట్టువే. 2013 జూలై నెలలో మనదేశమున టెలిగ్రాము సేవ నిలిపివేయబడెను. ఆ యర్థమున తంతి పోయినది. వీణమీద తంతి మిగిలినది. పిట్టమర కథయే మన యింటను జరిగినదన్నమాట. పొగబండి యనిన మాటలోను ఆ చూపే యున్నది. గోడకు దిగగొట్టిన మేకును చిలుకకొయ్య యని పిలిచిన వడ్రంగికిని ఆ చూపుండెను.

ఇప్పుడు మన వీధికి వత్తము. 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించిరి. నాటినుండి మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, రాయదుర్గములలో రాళ్ళగుట్టలుండిన చోట అద్దపుమేడలు లేచినవి. వానిలోని పనికి నేతకును చుట్టఱికమున్నది. జకార్డు అను ఫ్రెంచివాడు 1804 ప్రాంతమున చిల్లులు పొడిచిన అట్టలచే మగ్గమున పూవులు నేయించెను. ఆ అట్టలనే బాబేజి పండితుడు 1830వ దశకమునందు తాను తలపెట్టిన లెక్కల యంత్రమునకు వాడదలచెను. జకార్డు పెట్టె మన నేతవారి మగ్గములపై నేటికిని కలదు. కంప్యూటరు పనివారు దినమునకు నూఱుమాఱులు పలుకు 'థ్రెడ్' అనగా దారము, 'వెబ్' అనగా సాలెగూడు, నేసిన వస్త్రము. మన పద్మశాలీల యింటిమాటలు ఇంగ్లీషువేషమున వచ్చి మన పిల్లల నోట ఆడుచున్నవి. అవి పరాయివారివని మనమనుకొనుచున్నాము.

వేడుకకై ఒకమాట. సైబరాబాదు అను పేరులోని మొదటిభాగము గ్రీకుభాషలో ఓడ చుక్కాని పట్టువానికి చెందినది. 1948లో వీనరు అను గణితజ్ఞుడు ఆ మాటనుండి తన శాస్త్రమునకు పేరు తీసెను. కావున మన పోలీసు కమిషనరేటు పేరునకు అసలైన తెలుగు సరంగులపేట. సముద్రమునకు ఇంతదూరమున సరంగులేమి యని నన్నడుగకుడు.

పేర్లు అరువు తెచ్చుకొనుట పాపమని నేననను. ఫోను, బస్సు, కాఫీ మనవైపోయినవి. వానిని ఇల్లు వెడలగొట్టుట వృథాప్రయాస. సంగణకము, చరవాణి వంటి మాటలు గదిలో కూర్చుండి కూర్చబడినవి. సభలలో నిలిచినవి కాని సంతకు రాలేదు. అంతర్జాలము కొంత నయము. పత్రికలలో నడక నేర్చినది. ఈ మాటలను కూర్చినవారికి పాండిత్యము తక్కువ కాదు. అవి పనిచేయు చేతిలోనుండి రాలేదు, అంతియే. మర ప్రక్కన నిలుచున్నవాడు మరకు పేరు పెట్టవలెను. మన పిల్లలు మర ప్రక్కన నిలుచున్నవారేనా, లేక మర వెలుపలి అద్దమును వ్రేలితో రుద్దువారు మాత్రమేనా? నా చింత ఇది.

ఇంకొక చింత కూడ నున్నది. పిట్ట పేరు ముద్దైనది గాని ఆ మర నడచిన గది ముద్దైనది కాదు. థ్రాసిల్ గదులలో పనిచేసినవారిలో స్త్రీలును బాలబాలికలును ఎక్కువ. నిండిన కండెలను తీసి వట్టి కండెలను తగిలించు పని పిల్లలది. 1833 నాటి చట్టముచే తొమ్మిదేండ్లలోపు పిల్లలను నూలుమిల్లులలో పెట్టుకొనరాదని నిషేధించిరన్న, అంతకు పూర్వమేమి జరిగెడిదో ఊహింపవచ్చును. తెల్లవాఱుజాము మొదలు రాత్రివఱకు ఆ పాట విన్న బాలునకు అసలైన పిట్ట పాట వినుటకు తీరికెక్కడిది? కావున అందమైన పేరును వినగానే సంతోషించి ఊరకుండరాదు, లోపల చూడవలెను. నేడు మన కాగితములు, ఛాయాచిత్రములు 'క్లౌడ్'లో నున్నవని చెప్పుదురు. క్లౌడనగా మేఘము. తెలుగుకవులకు మేఘమనిన కాళిదాసుడు జ్ఞప్తికి వచ్చును. ఈ మేఘము మాత్రము కిటికీలు తక్కువగల పెద్ద కట్టడము. విద్యుచ్ఛక్తిని విస్తారముగా త్రాగును. వేడిని చల్లార్చుకొనుటకు గాలియో నీరో కోరును. హైదరాబాదు పరిసరములందును అట్టివి కట్టియున్నారు. ఈ మేఘము వర్షింపదు. పేరు పెట్టినవాడు తెలివిగలవాడే. మన బాలురు ఆ పేరు వెనుకకు పోయి చూచువారు కావలెనని నా కోరిక.

నాకు మిక్కిలి నచ్చిన మర పేరొకటి మన తెలంగాణములోనే యున్నది. పోచంపల్లి, ఆలేరు ప్రాంతముల చీరలకు నూలును అద్దకమునకు ముందు ఆసుపోయవలెను. అనగా అర్ధచంద్రాకారముగా నాటిన మేకులచుట్టు పోగును ఒకదాని తరువాత నొకదానికి చేతితో త్రిప్పుట. ఒక్క చీరకు దాదాపు 9,000 మాఱులు చేయి ముందుకు వెనుకకు ఆడవలెను. నాలుగైదు గంటలు పట్టును. ఈ పని తఱచుగా ఇంటి స్త్రీలది. శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారు ఆఱవ తరగతితో చదువు చాలించినవారు. భుజము నొప్పితో తల్లి లక్ష్మమ్మ పడు బాధ చూడలేక, ఏండ్ల తరబడి శ్రమపడి, సైబర్ టవర్సు తెఱచిన మఱుసటి యేడు, అనగా 1999లో, ఆసుపోయు యంత్రమును నిలిపిరి. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగియునట్లయ్యెను. 2017లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదమిచ్చినది. ఆ యంత్రము పేరు లక్ష్మీ ఆసుయంత్రము. తల్లి పేరు, ఆమె చేతిలోని పనిముట్టు పేరు, రెండును కలిపి మరకు పెట్టినారు. జెన్నీ హార్‌గ్రీవ్సు కూతురన్నది కట్టుకథ కావచ్చును. లక్ష్మి మల్లేశముగారి తల్లి యన్నది నిజము.

ఆయన ఆసు అను మాట నెఱుగనివాడైయుండినచో ఆ యంత్రమే పుట్టెడిది కాదని నా నమ్మకము. మాట తెలియుటయనగా పని తెలియుట. పని తెలియుటయనగా నొప్పి ఎచటనున్నదో తెలియుట. పెద్దచదువులు చదివిన ఇంజనీర్లు తెలుగునాట అప్పటికే వేలకొలది యుండిరి. వారిలో నొకరికైనను ఆసుపోయు స్త్రీ భుజమునొప్పి ఒక యంత్రశాస్త్ర ప్రశ్నగా తోచలేదు. వారు మూఢులు కారు. ఆ మాట వారి చెవిని పడలేదు.

గత మార్గశిరమాసమున తల్లిదండ్రుల సమావేశములో ఒక తండ్రిగారు నన్ను నిలువదీసిరి. హైటెక్ సిటీలో పెద్ద యుద్యోగమందున్నవారు, మర్యాదస్థులు. "మాస్టరుగారూ, 2018 చట్టముచే తెలుగు తప్పనిసరి చేసిరి, సరే. ఏకు, కదురు, కండె, చిలప అని మీరు పిల్లలచే వ్రాయించుచున్నారు. వీనిచే మా వానికి ఉద్యోగము వచ్చునా?" అనిరి. న్యాయమైన ప్రశ్నయే. రాదని చెప్పితిని. ఆయన నవ్విరి. "అయ్యా, థ్రాసిల్ అను మాటచేతను ఉద్యోగము రాదు, కాని ఆ మాటను తనంతట తాను వెదకికొనివచ్చినవాడు మీవాడే" యని నేననగా ఆయన కొంతసేపు మాటలాడలేదు. ఔను, మొదట చెప్పిన బాలుడు వారి కుమారుడే. చట్టము పుస్తకమును సంచిలో పెట్టగలదు. మాటను నాలుకమీద పెట్టుట ఇంటివారి పని. ఆ యింట అమ్మమ్మ నల్లగొండజిల్లా నేతకుటుంబమునుండి వచ్చినదని ఆ దినమే తెలిసినది. ఆమెతో మనుమడు వారమునకొకమాఱు ఫోనులో మాటలాడును. సగము సంభాషణ ఇంగ్లీషులో, సగము నవ్వులో.

తల్లిదండ్రులకు నా మనవి చిన్నది. పిల్లవానికి కంప్యూటరును కొనియిచ్చునపుడు, పాడైన పాతదాని నొకదానిని మూత విప్పి చూపుడు. మీకు తెలిసినది చెప్పుడు. మీ కార్యాలయములో మీరు చేయు పని యేదో ఒకసారి తెలుగులో అమ్మమ్మకు అర్థమగునట్లు పిల్లవాని యెదుట చెప్పుటకు యత్నింపుడు. మాటలు చాలక తడుముకొందురు. ఆ తడుములాటలోనే క్రొత్తమాట పుట్టును. ఆదివారము సాయంకాలము దుర్గముచెఱువు వంతెనమీద దీపములు చూచుటకు పోవుచున్నారు గదా. ఒకనాడు తెల్లవాఱుజామున పొండు. నీటికాకులున్నవి, కొంగలున్నవి. మన గుట్టఱాళ్ళమీద తోక నిక్కించి తిరుగు చిన్న నల్లనిపిట్టను నల్లంచి యందురు. దాని పెద్దక్క పెద్దనల్లంచి, నలుపు తెలుపు కలిసినది, వేసవి మొదట పాడునపుడు వినినచో ఇంగ్లీషు కవుల పిట్టకు మనము ఈర్ష్యపడనక్కఱలేదు. గిజిగాని గూటినైనను చూపుడు. జాషువ కవి ఆ పిట్ట నేతపనిని గుఱించి పద్యములు వ్రాసెను. శిల్పారామము మన గుమ్మములోనే యున్నది. అచట నేతవస్త్రములు బేరమాడునపుడు ఆ నేసినవారిని రెండు మాటలడుగుటకు పైకము పట్టదు.

ఈ సంగతులన్నియు తొమ్మిదవ తరగతిలో చెప్పిన దినమున, పాఠము ముగిసిన తరువాత విద్యార్థులను మా కంప్యూటరు గదిలోనికి తీసికొనిపోయి, ఇరువది యంత్రములను ఒక్కసారి నడిపించి, ఐదు నిమిషములు నోరు మెదపక వినుడని చెప్పితిని. లోపలి పంకాలు తిరుగు ధ్వని గదినిండ వ్యాపించినది. దీనికి తెలుగుపేరు పెట్టుడంటిని. ఒకడు తుమ్మెద యనెను. కాదు, కీచుఱాయి యని ఇద్దఱు. వెనుకబల్లమీది బాలిక, ఇది పిట్టయు కాదు పురుగును కాదు, మా నానమ్మ నిద్రలో పెట్టు గుఱక యనెను. తరగతి యంతయు నవ్వినది. నిఘంటువు తెచ్చిన బాలుడు మాత్రము కన్నులు మూసికొని చాలసేపు విని, "ఫోనులో అమ్మమ్మకు వినిపించి అడిగి చెప్పెదను" అనెను. మఱుసటి సోమవారము వచ్చి, "రాట్నమట మాస్టారూ, అమ్మమ్మ విన్నవెంటనే చెప్పినది" అనెను. తుమ్మెద పక్షమువారు ఇంకను ఒప్పుకొనలేదు.